సైనిక విద్యార్థి ఆర్థర్ కాటన్

కోనసీమ గోదావరీ నదీశాఖల నడుమ ఏర్పడిన పచ్చని సీమ. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, దక్షిణమున సముద్రము దానికి ఎల్లలు. అమలాపురము, కొత్తపేట, రాజోలు అందలి ముఖ్యములైన ఊళ్లు. ఎటు చూచినను వరిచేలు, కొబ్బరితోటలు, అరటితోటలు, వాని నడుమ నిండుగా పారు కాలువలు కన్నులపండువు చేయుచుండును. ఈ సీమలోని ఊళ్లలో దేశనాయకుల విగ్రహముల సరసన ఒక తెల్లదొర విగ్రహము కూడ తఱచుగా కనబడును. రైతులు ఆ విగ్రహమునకు పూలమాలలు వేయుదురు. ఆ దొర పేరు సర్ ఆర్థర్ థామస్ కాటన్. ఈ ప్రాంతమువారు ఆతనిని కాటన్ దొర అని పిలుతురు.

కాటన్ వ్యవసాయవిద్య నేర్చినవాడు కాడు. ఆతడు సైనికుడు. పదునైదేండ్ల ప్రాయమున సైనిక పాఠశాలలో చేరి, కోటలు కట్టుట, కోటలు పగులగొట్టుట, ఫిరంగులు నిలుపుట మొదలగు విద్యలను అభ్యసించినవాడు. యుద్ధమునకై నేర్చిన ఆ విద్య లక్షలాది ప్రజల ఆకలి తీర్చుటకు ఎట్లు ఉపయోగపడెనో తెలిసికొనుట మిక్కిలి ఆసక్తికరము.

ఆర్థర్ కాటన్ 1803 వ సంవత్సరము మే 15 వ తేదీన ఇంగ్లండు దేశమున జన్మించెను. తండ్రి పేరు హెన్రీ కాల్వెలీ కాటన్. ఆ దంపతులకు సంతానము పదునొకండుగురు. అంత పెద్ద కుటుంబమున పుట్టిన పిల్లలు తమ బ్రతుకు తెరువును తామే చూచుకొనవలసి యుండెను. అన్నదమ్ములలో ఒకడు విద్వాంసుడై ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఒక కళాశాలకు అధిపతి యయ్యెను. ఒకడు నౌకాదళమున చేరెను. సిడ్నీ కాటన్ అను అన్న సైన్యమున చేరి సేనానాయకుడై వాసికెక్కెను. వారి పెదతండ్రి కుమారుడగు స్టేపుల్టన్ కాటన్ స్పెయిను దేశమున నెపోలియను సేనలతో జరిగిన యుద్ధములలో అశ్వదళమును నడిపి కీర్తి గడించెను. ఆర్థర్ బాల్యమంతయు ఆ యుద్ధముల వార్తలతోనే గడచెను. 1815 లో వాటర్లూ యుద్ధము ముగియునాటికి ఆతనికి పండ్రెండేండ్లు. అట్టి కుటుంబములో పుట్టిన బాలుడు సైనికవృత్తిని ఎన్నుకొనుట సహజమే.

ఆ కాలమున మన దేశమున పెద్దభాగము ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో నుండెను. కంపెనీకి మదరాసు, బొంబాయి, బంగాళా రాజధానులలో వేఱువేఱు సైన్యములు కలవు. కాల్బలమును నడుపుటకు ధైర్యము, క్రమశిక్షణ చాలును. ఫిరంగిదళమునకు, ఇంజనీరు దళమునకు అంతకంటె అధికమైన శాస్త్రజ్ఞానము కావలయును. గణితము రానివాడు ఫిరంగిని గుఱిపెట్టలేడు, వంతెన కట్టలేడు. అందుచేత కంపెనీవారు అట్టి ఉద్యోగులను తయారుచేయుటకై 1809 లో ఆడిస్కోంబు అనుచోట ఒక సైనిక పాఠశాలను నెలకొల్పిరి. ఆడిస్కోంబు లండను నగరమునకు దక్షిణముగా సుమారు పది మైళ్ల దూరమున, క్రాయిడన్ పట్టణము చెంత కలదు.

ఆ పాఠశాలలో ప్రవేశము సులభముగా లభించునది కాదు. కంపెనీ డైరెక్టర్లలో ఎవరైన ఒకరు బాలుని పేరును సూచింపవలయును. అంకగణితమునందును, లాటిను భాషయందును కొంత పరిచయము ఉండవలయును. అన్నిటికిని మించి, చదువు ముగిసిన పిమ్మట ఆరు నెలల ప్రయాణ దూరమున నున్న పరదేశమునకు పోవుటకు బాలుడును, ఆతని తల్లిదండ్రులును సిద్ధపడవలయును. అట్లు పోయినవారిలో జ్వరములచేతను, యుద్ధములచేతను మరణించి తిరిగి రానివారు పెక్కురు. కావున ఆడిస్కోంబునకు పంపుట యనగా కుమారుని ఎంతకాలమో చూడకుండుటకు ఒప్పుకొనుటయే.

1818 లో ఆర్థర్ ఆ పాఠశాలకు పోయెను. అప్పటికి ఇంగ్లండులో ప్రయాణీకుల రైళ్లు పుట్టలేదు. దూరప్రయాణములన్నియు గుఱ్ఱపు బండ్ల మీదనే జరుగుచుండెను. కొన్ని మైళ్లకొకసారి సత్రముల కడ బండి ఆపి, అలసిన గుఱ్ఱములను విప్పి, క్రొత్త గుఱ్ఱములను పూన్చుచుండిరి. లోపల కూర్చుండుటకు ఎక్కువ రుసుము, బండి పైకప్పుపై కూర్చుండుటకు తక్కువ రుసుము చెల్లింపవలసి యుండెను. పెట్టెలో నాలుగు బట్టలు, కొన్ని పుస్తకములు సర్దుకొని, తల్లిదండ్రుల కడ సెలవు తీసికొని, దుమ్ములోను వానలోను అట్టి బండ్లపై ప్రయాణించి ఆనాటి బాలురు పాఠశాలలకు చేరుచుండిరి. లండను దాటి దక్షిణమునకు తిరిగినంత నగరపు పొగ వెనుకబడి, పొలములు, తోటలు, చిన్న గ్రామములు కనబడుచుండెను. వాని నడుమ ఒక విశాలమైన ఆవరణలో ఎఱ్ఱ ఇటుకలతో కట్టిన పాత భవనము ఒకటి ఎత్తుగా నిలిచి యుండెను. అదియే ఆడిస్కోంబు భవనము. పూర్వము అది ఒక ధనికుని నివాసము. కంపెనీవారు దానిని కొని, చుట్టును బాలుర నివాసములు, తరగతి గదులు నిర్మించిరి.

ఆ ద్వారము దాటిన బాలుని జీవితము ఒక్క దినములో మారిపోవుచుండెను. ఇంటిలో తొడిగిన బట్టలకు మారుగా సైనిక దుస్తులు వచ్చెను. నిదురలేచుట, భుజించుట, చదువుట, ఆడుకొనుట, పరుండుట అన్నియు నియమిత వేళలకే జరుగవలయును. పరుండుటకు చెక్క అడ్డుగోడలతో వేఱుచేసిన చిన్న అరలు మాత్రమే ఉండెను. ఇంట తల్లి పిలుపుతో మేల్కొను బాలుడు ఇచట ఆజ్ఞను విని మేల్కొనవలసి యుండెను. క్రొత్తగా వచ్చినవారిని పెద్దవిద్యార్థులు ఆటపట్టించుటయు ఆనాటి ఆంగ్లేయ పాఠశాలలలో సామాన్యమే. అన్నదమ్ముల నడుమ పెరిగిన పదునైదేండ్ల ఆర్థర్ అట్టి చోట ఒంటరిగా నిలువవలసి వచ్చెను.

చదువు కూడ తేలికయైనది కాదు. గణితమునకు అన్నిటికంటె పెద్దపీట. దాని తరువాత కోటల నిర్మాణము, పటములు గీయుట, భూమిని కొలుచుట. శత్రువు దాటరాకుండ గోడ ఎట్లు కట్టవలయును, దాని పునాది ఎంత లోతు పోవలయును, మన్ను జాఱకుండ గట్టు ఎంత వాలుగా ఉండవలయును, కందకములోనికి నీరు ఎట్లు మళ్లింపవలయును అను విషయములన్నియు విద్యార్థులు నేర్చుకొనుచుండిరి. కొలత పరికరములతో నేల ఎత్తుపల్లములను లెక్కించి కాగితముపై చూపుట వారి నిత్యాభ్యాసము. వీనితోపాటు హిందూస్థానీ భాషను కూడ నేర్పుచుండిరి. ఆ భాషకు నిఘంటువును, వ్యాకరణమును వ్రాసిన జాన్ షేక్స్‌పియర్ అను పండితుడు ఆ కాలమున అచట ఉపాధ్యాయుడు. ఇంగ్లండు పల్లెటూరిలో కూర్చుండి, ఎన్నడును చూడని దేశపు భాషను ఆ బాలురు వల్లెవేయుచుండిరి.

ఆ పాఠశాలలో ఒక నియమము కలదు. పరీక్షలలో అగ్రస్థానమున నిలిచిన కొలదిమందికే ఇంజనీరు దళమున ఉద్యోగము. తరువాతివారికి ఫిరంగిదళము. మిగిలినవారికి కాల్బలము. ఇంగ్లండు దేశమంతటిని కొలిచి పటములు తయారుచేయించుచుండిన విలియం మడ్జ్ అను సేనాని ఆ పరీక్షలకు అధికారి. వంశగౌరవము పాఠశాల ద్వారము వఱకే పనికివచ్చును. పరీక్షాశాలలో పనికివచ్చునది విద్యార్థి పరిశ్రమ ఒక్కటే. ఆర్థర్ శ్రద్ధగా చదివి, 1819 లో, పదునేడేండ్లయినను నిండకమునుపే, మదరాసు ఇంజనీరు దళమున రెండవ లెఫ్టినెంటుగా నియమింపబడెను. ఆ నియామకము ఆతని జీవితమునకే కాక, ఆతడు పేరైన విని యెఱుగని గోదావరీ మండలమునకు కూడ ఒక మలుపు. పరీక్షలో ఆతడు వెనుకబడి కాల్బలమున చేరి యున్నచో ఈ చరిత్ర మఱియొక విధముగా నుండెడిది.

మన దేశమునకు బయలుదేరుటకు ముందు ఆతనిని వేల్సు ప్రాంతమున బాంగరు అనుచోట భూమి కొలతల పనిలో నియమించిరి. 1820 జనవరిలో మొదలైన ఆ పనిని ఆతడు చక్కగా నిర్వహించి అధికారుల మెప్పు పొందెను. పిదప 1821 లో ఓడనెక్కెను. సూయజు కాలువ అప్పటికి లేదు. అది 1869 లో గాని తెరువబడలేదు. కావున తెరచాపల ఓడలు ఆఫ్రికా ఖండము చుట్టును తిరిగి రావలసి యుండెను. గాలి అనుకూలించినచో నాలుగైదు నెలలు, లేనిచో అంతకు మించి పట్టుచుండెను. మదరాసున ఓడరేవు కూడ లేదు. ఓడ దూరముగా లంగరు వేయగా, నారతో కుట్టిన పలకల మసూలా పడవలలో మన పడవవాండ్రు ప్రయాణీకులను ఎక్కించుకొని, ఎగసిపడు అలల మీదుగా ఒడ్డునకు చేర్చుచుండిరి. ఇనుపమేకు ఒక్కటియు లేని ఆ పడవలు అలల తాకిడికి వంగునే గాని విరుగవు. పదునెనిమిదేండ్ల కాటన్ ఆ విధముగానే మన దేశమున అడుగు పెట్టెను.

మొదట ఆతనికి చెఱువుల శాఖలో పని లభించెను. 1822 మొదలు 1824 వఱకు చెఱువులను, కలుజులను, గట్లను చూచుచు తిరిగెను. ఇంతలో బర్మాతో యుద్ధము వచ్చెను. కాటన్ ఆ యుద్ధమునకు పోయి, కోటలను ముట్టడించు దళములలో పనిచేసెను. ఆడిస్కోంబులో నేర్చిన విద్యను ఆతడు యుద్ధభూమిలో ప్రయోగించిన కాలము అదియే. శత్రువుల గుండ్లకంటె అడవిజ్వరములు అచట ఎక్కువమందిని బలిగొనెను. యుద్ధము 1826 లో ముగిసెను. తిరిగి వచ్చిన పిమ్మట కాటన్ జీవితము యుద్ధమునుండి నీటివైపు మళ్లెను. పాంబను జలసంధి కడ సముద్రమార్గమును కొలిచెను. 1828 లో కాప్టెను పదవి పొంది కావేరి నదిని గూర్చి పరిశోధన ఆరంభించెను.

కావేరి తీరమున ఆతనికి రెండవ పాఠశాల లభించెను. అచట కరికాల చోళుడు కట్టించినట్లు ప్రసిద్ధికెక్కిన కల్లణై అను ప్రాచీనమైన ఆనకట్ట కలదు. పాశ్చాత్య ఇంజనీర్లు గట్టి రాతినేలపై పునాది వేయుట ఎఱుగుదురు. కాని మన నదుల అడుగున ఎంత లోతు త్రవ్వినను ఇసుకయే. ఆ ఇసుకపై అంత బరువైన కట్టడము శతాబ్దముల కొలది ఎట్లు నిలిచెను? కాటన్ ఈ ప్రశ్నకు సమాధానమును ఆ కట్టడమునందే వెదకెను. పెద్దపెద్ద రాళ్లను ఇసుకలో వేయగా అవి క్రమముగా దిగి దిగి ఒకచోట స్థిరపడును. దానిపై మఱల రాళ్లు వేసి కట్టినచో అది కదలదు. ఈ రహస్యమును పూర్వపు భారతీయ శిల్పులనుండియే తాను నేర్చితినని ఆతడు తరువాతి కాలమున దాపరికము లేక చెప్పుకొనెను. పాలకజాతివాడనను అహంకారమున పాలితుల విద్యను త్రోసిపుచ్చిన అధికారులు ఆ కాలమున ఎందఱో కలరు. కాటన్ అట్లు చేయలేదు. ఆ జ్ఞానముతో ఆతడు 1836 ప్రాంతమున కావేరి శాఖయగు కొల్లిడము నదిపై ఆనకట్టలు కట్టించెను. తంజావూరు మండలమునకు నీటి కొఱత తీఱెను. కాని ఎండలో తిరిగి తిరిగి ఆతని ఆరోగ్యము చెడెను. విశ్రాంతికై ఆస్ట్రేలియా ప్రాంతమునకు పోయి, అచటనే 1841 లో ఎలిజబెత్ లియర్మంతు అను యువతిని వివాహమాడెను.

ఆ కాలమున గోదావరీ మండలము స్థితి మిక్కిలి దయనీయము. వర్షము లేని యేట పంటలు ఎండిపోవును. వరద వచ్చిన యేట పంటలు కొట్టుకొనిపోవును. 1832-33 సంవత్సరములలో గుంటూరు ప్రాంతమున మొదలైన ఘోరమైన కరువు గోదావరీ మండలమును కూడ తాకెను. 1839 లో పెనుతుపాను వచ్చి, కోరంగి ప్రాంతమున సముద్రము ఊళ్లపై విఱుచుకుపడెను. అన్నము లేక ప్రజలు ఊళ్లు విడిచి వలసపోయిరి. ఇరువది యేండ్లలో రాజమండ్రి జిల్లా జనాభా సుమారు నాలుగవ వంతు తగ్గిపోయెను. ఆనాటి కోనసీమ మూడువైపుల నదీజలములు, ఒకవైపు సముద్రజలము కలిగియు, పొలములకు నీరు లేని సీమ. కండ్లయెదుటనే గోదావరి నిండుగా పారి వ్యర్థముగా సముద్రమున కలియుచుండగా, దాని ఒడ్డున మనుజులు ఆకలితో మరణించుచుండిరి.

జిల్లా దుస్థితిని విచారించుటకు కంపెనీ ప్రభుత్వము హెన్రీ మాంట్‌గోమరీ అను అధికారిని పంపెను. ఆనకట్ట కట్టినగాని ఈ జిల్లా బాగుపడదనియు, ఆ పనిని పరిశీలించుటకు కాటన్ తగినవాడనియు ఆతడు తెలిపెను. కాటన్ గోదావరీ తీరమునకు వచ్చి నేలను కొలువ నారంభించెను. ఎండలోను వానలోను గుఱ్ఱముపైనను, పడవపైనను తిరుగుచు, అరటిపండ్లతో ఆకలి తీర్చుకొనుచు ఆతడు పనిచేసెనని ఈ ప్రాంతమున పెద్దలు నేటికిని చెప్పుకొందురు. ఆడిస్కోంబులో నేర్చిన ఎత్తుపల్లముల లెక్క ఇచట అక్కరకు వచ్చెను. ధవళేశ్వరము కడ నది డెల్టాలో ప్రవేశించును. అచట నీటిమట్టమును కొంత పెంచినచో, అచటినుండి సముద్రమువఱకు నేల క్రమముగా వాలియున్నందున, కాలువలలో నీరు తనంత తానే పొలములకు పారునని ఆతడు గ్రహించెను. 1844 లో తన నివేదికను ప్రభుత్వమునకు సమర్పించెను.

కాని కంపెనీవారు వర్తకులు. ఖర్చునకు మారుగా ఎంత శిస్తు వచ్చునని వారి మొదటి ప్రశ్న. ఆకలిగొన్న ప్రజలను గూర్చి వ్రాసినచో వారి మనస్సు కరుగునో లేదో గాని, లాభమును గూర్చి వ్రాసినచో తప్పక చదువుదురని కాటన్ ఎఱుగును. అందుచేత ఆతడు నీటివలన పెరుగు రాబడిని కూడ లెక్కలతో సహా వివరించెను. ఎట్టకేలకు 1846 చివర అనుమతి వచ్చెను. 1847 లో పని ఆరంభమయ్యెను.

ధవళేశ్వరము కడ గోదావరి వెడల్పు, నడిమి లంకలతో కలిపి, సుమారు నాలుగు మైళ్లు. లంకలవలన నది నాలుగు పాయలుగా చీలి యున్నది. కావున ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్ట కట్టవలసి వచ్చెను. గోడల పొడవే రెండు మైళ్లకు మించును. ఎత్తు 12 అడుగులు. ఇసుకలో బావులు దింపి, వానిపై గోడలు లేపి, గోడల నడుమ ఇసుక నింపి, పైన రాతికట్టడము చేసిరి. దిగువవైపున నీటి తాకిడికి కోసుకొనిపోకుండ పెద్దరాళ్లను పేర్చిరి. ధవళేశ్వరపు కొండలో రాతిని పగులగొట్టి, ఇనుప పట్టాలపై నడచు బండ్లలో నది ఒడ్డునకు చేర్చిరి. సుమారు 10,000 మంది కూలీలు పనిచేసిరి. వరదలు తగ్గిన పిమ్మట మొదలుపెట్టి, మఱల వరదలు వచ్చులోపుగా ఆ యేటి పనిని ముగింపవలయును. ఆలస్యమైనచో చేసిన పని నదిపాలగును. యుద్ధమున శత్రువు వచ్చు వేళ తెలియదు. గోదావరి వచ్చు వేళ తెలియును, కాని దానిని ఆపుట ఎవరి తరమును కాదు.

ఇట్టి సమయమున, 1848 లో, కాటన్ ఆరోగ్యము మఱల చెడిపోయెను. పని విడిచి ఆస్ట్రేలియాకు పోక తప్పలేదు. కాప్టెను ఆర్ అను అధికారి పనిని నడిపించెను. వీణెం వీరన్న అను తెలుగువాడు పనివాండ్రను కూడగట్టి, వారికిని దొరలకును నడుమ నిలిచి, మిక్కిలి సమర్థతతో పనిచేయించెను. 1850 లో కాటన్ తిరిగి వచ్చెను. 1852 లో ఆనకట్ట పూర్తియయ్యెను. రాళ్లు మోసిన స్త్రీపురుషుల పేర్లు ఏ శిలపైనను లేవు. ఐనను ఆ కట్టడము వారి చెమటతో కట్టినదే. కాటన్ బుద్ధిబలము, వీరన్నవంటివారి కార్యదక్షత, వేలమంది కూలీల కాయకష్టము ఈ మూడును కలిసినందుననే గోదావరి వంగినది.

ఐతే ఆనకట్టతోనే కోనసీమ కష్టములన్నియు తీఱలేదు. బొబ్బర్లంక కడనుండి బయలుదేరిన కాలువలు కొత్తపేట, అమలాపురము ప్రాంతములకు నీరు తెచ్చెను. కాని రాజోలు ప్రాంతము వసిష్ఠకును, దానినుండి చీలిన వైనతేయకును నడుమ లంకవలె నున్నది. దానిని నగరం లంక అని పిలుచుచుండిరి. అచటికి కాలువ పోవలయునన్నచో వైనతేయ నదిని దాటవలయును. నదిని దాటించుటకు ఒక్కటే ఉపాయము. నదిపై వంతెన కట్టి, ఆ వంతెనపై కాలువను పారింపవలయును. గన్నవరము కడ ఈ పనిని హేగ్ అను యువ ఇంజనీరునకు అప్పగించిరి. ఆతడు జ్వరపీడను లెక్కచేయక, 1851-52 నాటి పనికాలములోనే 49 కమానులతో, సుమారు 2,250 అడుగుల పొడవున అక్విడక్టును నిర్మించెను. ఒక్కొక్క కమాను వెడల్పు 40 అడుగులు. క్రింద నది, పైన కాలువ. నదిపై నడచి వచ్చిన నీరు రాజోలు సీమకు చేరెను. ఆకలితో విడిచిపోయిన ఊళ్లకు ప్రజలు తిరిగి రాసాగిరి. బీళ్లు మాగాణులయ్యెను. కాలువలలో పడవలు నడువ నారంభించెను. ధాన్యము, కొబ్బరికాయలు, ప్రయాణీకులు ఆ పడవలపైననే ఊరినుండి ఊరికి చేరుచుండిరి.

గోదావరి తరువాత కృష్ణానదిపై విజయవాడ కడ ఆనకట్టకును కాటన్ ప్రోత్సాహము లభించెను. దానిని కాప్టెను ఆర్ నిర్మించి 1855 లో పూర్తిచేసెను. కాటన్ 1860 లో ఉద్యోగమునుండి విరమించెను. 1861 లో ఆతనికి సర్ బిరుదము లభించెను. ఆ సంవత్సరముననే ఆడిస్కోంబు సైనిక పాఠశాల మూతపడెను. కంపెనీ పాలన 1858 లోనే ముగిసినందున దానితో అవసరము తీఱినది. తరువాత ముఖ్యభవనమును పడగొట్టిరి. ఆ స్థలమున వీథులు, ఇండ్లు వెలసినవి. ఒకనాడు వణకుచున్న చేతితో పెట్టె పట్టుకొని ఎందఱో బాలురు నడచిన ద్వారము నేడు లేదు.

విశ్రాంతి కాలమున కూడ కాటన్ ఊరకుండలేదు. మన దేశమున ప్రభుత్వము రైలుమార్గములకు అపారముగా వ్యయపఱచుచు కాలువలను నిర్లక్ష్యము చేయుచున్నదని ఆతడు పదేపదే విమర్శించెను. నదులను కాలువలతో కలిపినచో నీటి కొఱతయు, ప్రయాణపు ఖర్చును తగ్గునని వాదించెను. 1876-78 నాటి మహాకరువున దక్షిణదేశమున లక్షలమంది మరణించిన పిమ్మట, 1878 లో బ్రిటిషు పార్లమెంటు విచారణసంఘము ఎదుట, తన డెబ్బదియైదవ యేట నిలిచి తన వాదమును వినిపించెను. అధికారులు ఆతని మాటను పూర్తిగా అంగీకరింపలేదు. కొందఱు ఎగతాళి చేసిరి. ఐనను ఆతడు తన అభిప్రాయమును మార్చుకొనలేదు. వార్ధక్యమున ఇంగ్లండులో డార్కింగు అను ఊరిలో నివసించుచు, నేలను లోతుగా దున్ని గోధుమ పండించు పద్ధతులను పరీక్షించుచుండెను. 1899 జూలై 24 వ తేదీన, తొంబదియాఱేండ్ల వయస్సున మరణించెను.

కాటన్ కట్టించిన ఆనకట్ట నూరేండ్లకు పైగా పనిచేసెను. దానికి మారుగా 1982 నాటికి క్రొత్త బ్యారేజి నిర్మింపబడినది. దానికి సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజి అని పేరు పెట్టిరి. దాని క్రింద సుమారు 10 లక్షల ఎకరములు సాగగుచున్నవి. గన్నవరము కడ పాత అక్విడక్టు ప్రక్కనే క్రొత్త అక్విడక్టు వెలసినది. దానికి అతిథులకు అన్నము పెట్టుటయే వ్రతముగా జీవించిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టుట మిక్కిలి ఉచితముగా నున్నది. 2022 లో కోనసీమ ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది.

పదునైదేండ్ల బాలుడు ఇల్లు విడిచి సైనిక పాఠశాలకు పోయినపుడు ఆతని చేతికి లభించినవి కొలబద్దయు, పటమును, గోడ కట్టు విద్యయు మాత్రమే. వానిని ఎవరిపై ప్రయోగింపవలయునో ఆ పాఠశాల ఆతనికి చెప్పినది. వానిని ఎవరికొఱకు ఉపయోగింపవలయునో ఆతడు కరువున అలమటించిన ప్రజలను చూచి తానే నేర్చుకొనెను. అంతటితో తన చదువు ముగిసినదని తలపక, కల్లణై రాళ్ల కడ మఱల విద్యార్థియై కూర్చుండెను. విద్య అందఱికిని లభింపవచ్చును. దానిని పరుల ఆకలి తీర్చుటకు వినియోగించు బుద్ధి మాత్రము కొందఱికే అలవడును. అట్టివారి పేరును కాలువనీరు పారినంతకాలము ప్రజలు తలచుకొనుచునే యుందురు.